ఇంటి వస్తువులతో చర్మసంరక్షణ

భోగినాటి తలంటునకు నూనె, నలుగుపిండి సిద్ధపరచని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. పెండ్లికుమార్తెకు నలుగు పెట్టుట తెలుగువారి ఆచారము. ఉత్తర భారతములో అదే పని 'ఉబటన్' అను పేరుతో జరుగును. కేరళలో కొబ్బరినూనె, తమిళనాట నువ్వులనూనె, వంగదేశములో ఆవనూనె శరీరమునకు పట్టించుకొనుట తరతరముల అలవాటు. బర్మాలో తనఖా అను చెట్టు బెరడును సానరాతిపై అరగదీసి ముఖమునకు పూసికొందురు. ఇట్లు ప్రతి ప్రాంతమునందును చర్మమును శుభ్రముగాను, మెత్తగాను ఉంచుకొనుటకు ఇంటిలో లభించు వస్తువులనే జనులు వాడుకొనుచు వచ్చిరి.

ఈ వాడుకలలో పెక్కు మంచివి, కొన్ని వ్యర్థములు, కొన్ని హానికరములు. చెట్టునుండి వచ్చినది గనుక హాని చేయదను నమ్మకము సరియైనది కాదు. జిల్లేడు పాలు చెట్టునుండి వచ్చినవే. అవి కంటిలో పడిన చూపునకు ప్రమాదము. చాకలివారు బట్టలకు గుర్తు పెట్టు నల్లజీడి గింజ రసమును చెట్టు ఇచ్చినదే. అది సోకిన చోట చర్మము బొబ్బలెక్కును. ఏ వస్తువు దేనికి పనికివచ్చునో, దానిని ఎట్లు తయారుచేయవలెనో, ఎట్టి లక్షణములు కనిపించినపుడు ఇంటి ప్రయోగములు మాని వైద్యుని వద్దకు పోవలెనో తెలుపుటయే ఈ పుస్తకము ఉద్దేశము.

చర్మము చేయు పని

శరీరములోని అవయవములన్నింటిలోను చర్మము మిక్కిలి పెద్దది. వయసు వచ్చిన మనుష్యుని చర్మమును పరచినచో సుమారు 1.5 నుండి 2 చదరపు మీటర్ల వైశాల్యము ఉండును. శరీరములోని నీరు ఆవిరై పోకుండ కాపాడుట, రోగక్రిములను లోనికి రానీయకుండుట, చెమట ద్వారా వేడిని తగ్గించుట, స్పర్శజ్ఞానమును కలిగించుట దాని ముఖ్యమైన పనులు.

చర్మము పైపొరలోని కణములు గోడలోని ఇటుకలవలె వరుసగా పేర్చబడి ఉండును. వాని నడుమ ఒక విధమైన కొవ్వు పదార్థము సున్నమువలె నిండియుండును. అడుగున పుట్టిన కొత్త కణములు క్రమముగా పైకి వచ్చి, ఎండి, రాలిపోవుటకు సుమారు నాలుగు వారములు పట్టును. కావున మనము కంటితో చూచు పైపొర నిర్జీవమైన కణముల పొరయే. దానికి పైనుండి 'ఆహారము' పెట్టుట ఏ లేపనమునకును సాధ్యము కాదు. దానిలోని నీటిని ఆవిరి కానీయకుండుట, దానిని చీలనీయకుండుట మాత్రమే లేపనము చేయగల పని. ఆ పనికి ఖరీదైన సీసాలు అవసరము లేదు.

ఆరోగ్యముగా ఉన్న చర్మము కొంచెము ఆమ్లగుణము కలిగియుండును. ఆమ్ల క్షారములను కొలుచు మానములో 7 అనునది సమస్థితి. అంతకు తక్కువైనది ఆమ్లము, ఎక్కువైనది క్షారము. చర్మము ఉపరితలము ఈ మానములో 5కు అటునిటుగా ఉండును. సాధారణమైన సబ్బు 9 లేక 10 వరకు ఉండును. అందుచే మాటిమాటికి సబ్బు రుద్దుకొనువారికి చర్మము బిగిసి, పొట్టు రాలును. నిమ్మరసము 2 దరిదాపులలో ఉండు తీవ్రమైన ఆమ్లము. తినుసోడాయో క్షారగుణము కలది. ఈ రెండును వంటకు మంచివే గాని ముఖమునకు తగవు.

తయారీకి ముందు పాటింపవలసిన నియమములు

ఇంటిలో తయారుచేయు వస్తువులు చెడిపోవుటకు ముఖ్యకారణము నీరు. నీరు లేని పొడిలోను, నీరు లేని నూనెలోను క్రిములు సులభముగా పెరగజాలవు. నీరు, పాలు, పెరుగు, కలబంద గుజ్జు, పండ్లరసము చేరిన వెంటనే ఆ మిశ్రమము క్రిములకు నిలయము కాదొడగును. బజారులో అమ్ము లేపనములలో క్రిములు పెరగకుండ మందులు కలుపుదురు. ఇంటిలో అవి ఉండవు. కావున ఈ ఒక్క సూత్రము గుర్తుంచుకొనవలెను: పొడిగా ఉన్నది దాచవచ్చును, తడిసినది ఆ పూటకే వాడి, మిగిలినది పారవేయవలెను.

చేతులు సబ్బుతో కడుగుకొని పని ప్రారంభింపవలెను. సీసాలను, చెంచాలను మరగు నీటిలో 10 నిమిషములు ఉంచి, తుడువకుండ ఎండలో పూర్తిగా ఆరనీయవలెను. తడిచేతిని సీసాలో పెట్టరాదు. పొడి చెంచాతోనే తీయవలెను. తయారుచేసిన తేదీని కాగితముపై వ్రాసి సీసాకు అంటించవలెను.

కొత్త వస్తువు దేనినైనను ముఖమునకు పూయుటకు ముందు పరీక్షింపవలెను. మోచేతి మడతకు దిగువను, చేతి లోపలివైపున, రూపాయి బిళ్ళంత మేర కొంచెము పూసి, రెండు దినములు గమనింపవలెను. ఎరుపు, దురద, మంట, పొక్కులు కనిపించినచో దానిని విడిచిపెట్టవలెను. ఇతరులకు పడినది అందరికిని పడునని అనుకొనరాదు.

నలుగుపిండి

నలుగుపిండినే సున్నిపిండి అనియు అందురు. పప్పుపిండిలోని పిండిపదార్థము, మాంసకృత్తులు చర్మముపైనున్న జిడ్డును, దుమ్మును పీల్చుకొని నీటితో పోవును. సబ్బువలె తీవ్రమైన క్షారము కానందున చర్మము అంతగా ఎండిపోదు.

పెసలు 500 గ్రాములు, శనగపప్పు 250 గ్రాములు, బియ్యము 50 గ్రాములు, వట్టివేళ్ళు 25 గ్రాములు, కచ్చూరములు 25 గ్రాములు, ఎండిన గులాబి రేకులు 25 గ్రాములు, కస్తూరిపసుపు 10 గ్రాములు తీసికొనవలెను. వట్టివేళ్ళకు మట్టి అంటియుండును గనుక ముందుగా కడిగి, ముక్కలుగా కత్తిరించవలెను. అన్నింటిని రెండు మూడు దినములు గట్టి ఎండలో గలగల ధ్వని వచ్చువరకు ఎండబెట్టి, మెత్తగా విసిరి, పలుచని బట్టతో జల్లించవలెను. మిగిలిన గరుకు నూకను ముఖమునకు వాడరాదు. అది చర్మమును గీరును. పాదములు రుద్దుకొనుటకు మాత్రము పనికివచ్చును.

పిండిమరలో ఆడించువారు ఒక సంగతి గమనింపవలెను. ఆ మరలో అంతకుముందు మిరపకాయలు ఆడించియుండినచో, ఆ కారము నలుగుపిండిలో కలిసి ఒడలెల్ల మంట పుట్టించును. ముందుగా పిడికెడు బియ్యము ఆడించి పారబోసిన పిమ్మటనే నలుగుపిండి వేయింపవలెను.

ఈ పిండిని తడి తగులని డబ్బాలో ఉంచినచో మూడు నెలలవరకు నిలువ ఉండును. వానకాలములో పురుగుపట్టినను, బూజు వాసన వచ్చినను పారవేయవలెను. స్నానసమయమున రెండు మూడు చెంచాల పిండిని నీటితో కలిపి, మెల్లగా రుద్ది, ఆరకముందే కడుగుకొనవలెను. చర్మము పొడిగా ఉండువారు పాలమీగడతో కలుపుకొనవచ్చును. పూర్తిగా ఎండనిచ్చి గట్టిగా నలుచుట మంచిది కాదు. మురికితోపాటు రక్షణపొరయు ఊడిపోవును. మొటిమలు, పుండ్లు, గజ్జి ఉన్నచోట రుద్దనే రాదు. పిండి ఎగిరి ముక్కులో చేరిన ఉబ్బసము గలవారికి ఆయాసము రావచ్చును గనుక వారు పొడిగా చల్లుకొనరాదు.

కొందరు నలుగుపిండిలో బావంచాలు కలుపుదురు. బావంచాలలో సొరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మమునకు అంటియుండగా ఎండ సోకినచో చర్మము కాలినట్లు ఎరుపెక్కి, బొబ్బలు లేచి, పిదప నల్లని మచ్చలు మిగులును. బొల్లి చికిత్సలో వైద్యులు ఈ గుణమునే లెక్కప్రకారము, తమ పర్యవేక్షణలో వాడుదురు. దినమును వాడు పిండిలో బావంచాలు వేయకుండుటయే క్షేమము.

కుంకుడు, శీకాయ

కుంకుడుకాయలోను, శీకాయలోను నురుగునిచ్చు సాపొనిన్లు ఉన్నవి. జిడ్డును వదల్చు శక్తి వానిదే. ఎనిమిది పది కుంకుడుకాయలను గింజలు తీసి, రెండు గ్లాసుల వేడినీటిలో కొంతసేపు నానబెట్టి, పిసికి, బట్టతో వడకట్టవలెను. ఈ రసము కంటిలో పడిన తీవ్రమైన మంట, ఎరుపు కలుగును. వెంటనే మంచినీటితో చాలసేపు కడుగవలెను. పసిపిల్లలకు దీనిని వాడరాదు. రసము మరునాటికి పులియును గనుక ఏ దినమునకు ఆ దినము తీసికొనవలెను.

తలలో చుండ్రు ఉన్నవారు నూనె దండిగా పట్టించి ఉంచినచో అది తగ్గునని తలచుట పొరపాటు. చుండ్రునకు సంబంధించిన శిలీంధ్రము కొవ్వును తినియే బ్రతుకును. అట్టివారు స్నానమునకు ముందు మాత్రమే నూనె రాచి, కడిగివేయుట మేలు.

నూనెలు

కొబ్బరినూనె, నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె చర్మముపై పలుచని పొరగా ఏర్పడి, నీరు ఆవిరి కాకుండ ఆపును. కావున వానిని వాడుటకు తగిన సమయము స్నానమైన వెంటనే. ఒడలు మెత్తగా అద్దుకొని, ఇంకను కొంచెము తడి ఉండగనే, అరచెంచా నూనెను చేతులకు, కాళ్ళకు పలుచగా రాయవలెను. పూర్తిగా ఎండిన చర్మమునకు రాచిన దానికన్న ఇది ఎక్కువ ఫలమునిచ్చును. శీతకాలములో వృద్ధులకు కాళ్ళపై వచ్చు పొట్టు, దురద ఈ చిన్న పనితోనే చాలవరకు తగ్గును.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువను గడ్డకట్టును. అది చెడిన గుర్తు కాదు. పాతనూనె వాసన వచ్చుటయే చెడిన గుర్తు. మొటిమలు వచ్చు స్వభావము గలవారు ముఖమునకు కొబ్బరినూనె రాచుకొనరాదు. వేపనూనెను పిల్లలచే త్రాగింపరాదు. అది పసివారికి విషము వంటిది. ఏ నూనెయు ఎండనుండి తగిన రక్షణ ఇయ్యదు. ఎండకు గొడుగు, తలపాగా, నిండు చేతుల నూలుబట్ట ఎక్కువ నమ్మదగినవి.

తేనెమైనపు లేపనము

పెదవులు, మోకాళ్ళు, మడమలు పగిలినపుడు నూనె ఒక్కటియే నిలువదు. దానికి తేనెమైనము కలిపినచో చర్మమును అంటిపెట్టుకొని ఉండును.

కొబ్బరినూనెగాని నువ్వులనూనెగాని 100 గ్రాములు, శుభ్రమైన తేనెమైనము 20 గ్రాములు తీసికొనవలెను. ఒక వెడల్పు గిన్నెలో నీరు కాచి, అందులో మరియొక చిన్న గిన్నెను నిలిపి, నూనెను, తురిమిన మైనమును దానిలో వేయవలెను. తేనెమైనము 62 నుండి 64 డిగ్రీలవద్ద కరగును గనుక వేడినీటి సెగ చాలును. పొయ్యిపై నేరుగా పెట్టినచో నూనె అంటుకొను ప్రమాదము కలదు. కరగిన పిదప ఒక చుక్కను చల్లని పళ్ళెముపై వేసి చూడవలెను. మిక్కిలి పలుచగా ఉన్నచో కొంచెము మైనమును, గట్టిగా ఉన్నచో కొంచెము నూనెను చేర్చవలెను. ఎండకాలమునకు 25 గ్రాముల మైనము తగియుండును. ఆరిన సీసాలో పోసి, చల్లారిన తరువాతనే మూత పెట్టవలెను. వేడిగా ఉండగా మూసినచో మూతకు పట్టిన ఆవిరి నీరై లోపల పడును. దీనిలో నీరు లేదు గనుక, తడి తగులకున్న, ఆరు నెలలవరకు వాడుకొనవచ్చును.

రాత్రి పాదములను గోరువెచ్చని నీటిలో 10 నిమిషములు ఉంచి, మెత్తని బట్టతో అద్ది, ఈ లేపనము రాచి, నూలు మేజోళ్ళు తొడుగుకొని నిద్రింపవలెను. పది పదునైదు దినములలో మడమలు మెత్తపడును.

మధుమేహము గలవారు మాత్రము పాదములను నానబెట్టరాదు. వారికి స్పర్శ తగ్గియుండుటచే నీటి వేడి తెలియదు. చిన్న పగులు పెద్ద పుండుగా మారి కాలికే ముప్పు తేవచ్చును. దినమును పాదములు చూచుకొనుట, వ్రేళ్ళ సందులు తప్ప మిగిలిన చోట లేపనము రాచుకొనుట, పగులు కనబడగనే వైద్యునికి చూపుట వారి విధి. కుష్ఠువ్యాధి వలన పాదముల స్పర్శ పోయినవారి సంగతి వేరు. వారికి ఆరోగ్యకార్యకర్తలు చల్లని నీటిలో పాదములు నానబెట్టి నూనె రాచుకొను పద్ధతిని నేర్పుదురు. వారు ఆ పద్ధతినే తప్పక పాటింపవలెను. చవకైన నూనెయే వారి పాదములను పుండ్లనుండి కాపాడును.

గ్లిసరిను, కలబంద, ముల్తానీ మట్టి

గ్లిసరిను నీటిని ఆకర్షించి పట్టియుంచును. మందుల దుకాణమున ఇండియన్ ఫార్మకోపియా గుర్తు గల గ్లిసరినునే కొనవలెను. ఒక వంతు గ్లిసరినునకు మూడు వంతుల కాచి చల్లార్చిన నీటినిగాని, మంచి పన్నీటినిగాని కలిపి, స్నానము పిదప చేతులకు రాచుకొనవచ్చును. ఒక వారమునకు సరిపడునంతయే కలుపుకొనవలెను.

కలబంద మట్టను కోసినంతనే పచ్చని జిగురు కారును. అది చర్మమునకు దురద కలిగించును. కోసిన మట్టను 10, 15 నిమిషములు నిలువుగా ఉంచి ఆ జిగురును కారనిచ్చి, కడిగి, తొక్క తీసి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే వాడవలెను. ఎండకు కమిలిన చర్మమునకు ఇది చల్లదనమునిచ్చును.

ముల్తానీ మట్టికి నేడు పాకిస్తానములోనున్న ముల్తాన్ నగరమునుండి ఆ పేరు వచ్చెను. ఈ మట్టికి జిడ్డును పీల్చు గుణము కలదు. జిడ్డుముఖము గలవారు వారమునకు ఒకసారి నీటితో కలిపి పలుచగా పూసి, పూర్తిగా ఎండకముందే కడుగుకొనవచ్చును. పొడి చర్మము గలవారికి ఇది తగదు. మట్టిని గాయములపై ఎన్నడును పెట్టరాదు. ధనుర్వాత క్రిములు మట్టిలోనే ఉండును.

పసుపు, కుంకుమ, గోరింట

పసుపు కొనుటలో జాగ్రత్త అవసరము. దక్షిణాసియా దేశములలో పసుపునకు మెరుపు వచ్చుటకై సీసము గల లెడ్ క్రోమేట్ అను రంగును కలుపు మోసము బయటపడినది. సీసము పిల్లల మెదడునకు హాని చేయును. చేతికి విపరీతముగా రంగంటు కొమ్ములను విడిచి, మెరుగు పెట్టని కొమ్ములను తెలిసినచోట కొని, కడిగి, ఎండబెట్టి, ఇంటనే దంచుకొనుట మంచిది. ఎర్ర సింధూరములో సీసపు భస్మము ఉండవచ్చును గనుక దానిని పిల్లలకు అందకుండ ఉంచవలెను. బొట్టుబిళ్ళల జిగురు పడనివారికి నుదుట తెల్లని మచ్చ ఏర్పడును. అట్టివారు బిళ్ళను వెంటనే మానవలెను.

గోరింటాకు సహజముగా నారింజ ఎరుపునే ఇచ్చును. గంటలోపల నల్లగా పండునని అమ్ము 'నల్ల గోరింట'లో జుట్టు రంగులలో వాడు రసాయనము కలిసియుండును. దానివలన తీవ్రమైన బొబ్బలు రావచ్చును. ఒకసారి పడనివారికి జీవితాంతము జుట్టు రంగులు పడకపోవచ్చును. పసిబిడ్డల అరచేతులకు, అరికాళ్ళకు గోరింట దట్టముగా పెట్టుట కూడ తగదు. పుట్టుకతో కొన్ని రక్తదోషములు గల శిశువులలో అది రక్తకణములను విరుగగొట్టును.

నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినచో బావంచాలవలెనే అదియు చర్మమును కాల్చి మచ్చలు మిగుల్చును. కాలిన గాయములకు పసుపు, పిండి, దంతధావనపు ముద్ద పూయుట తప్పు. కాలినచోట వెంటనే 20 నిమిషములు చల్లని ధారనీరు పోయవలెను. అంతకు మించిన ప్రథమచికిత్స లేదు. ఇంటిలో సబ్బు తయారుచేయుటకు కాస్టిక్ సోడా కావలెను. అది కన్నులను, చర్మమును దహించును. పిల్లలున్న ఇంటిలో ఆ ప్రయత్నమే వలదు.

పసిపిల్లల చర్మము

అప్పుడే పుట్టిన బిడ్డ చర్మము మిక్కిలి పలుచనిది. పుట్టినపుడు దానిపైనుండు తెల్లని వెన్నవంటి పూత రక్షణకవచము. దానిని రుద్ది తీయరాదు. మొదటి స్నానమునకు కనీసము 24 గంటలు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బొడ్డుపై నూనె, పసుపు, బూడిద ఏదియు పెట్టరాదు. పొడిగా ఉంచిన చాలును. నూగు వెంట్రుకలు పోవునని శనగపిండితో గట్టిగా నలుచు ఆచారమును మానవలెను. ఆ వెంట్రుకలు తమంతట తామే రాలును.

ఆవనూనె పసివారి చర్మపు రక్షణపొరను చెడగొట్టునని పరిశోధనలు తెలిపినవి. ఢాకా శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండ పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనెతో మెల్లగా మర్దన చేయగా, ఆసుపత్రిలో సోకు క్రిమిరోగములు తగ్గినట్లు 2005లో ప్రచురింపబడిన పరిశోధన చూపినది. తల్లులు ఇంటివద్ద కొబ్బరినూనెగాని పొద్దుతిరుగుడు నూనెగాని గట్టిగా ఒత్తకుండ రాయవచ్చును. ముక్కులో, చెవిలో నూనె పోయరాదు. కంటికి కాటుక పెట్టరాదు. బజారు కాటుకలో సీసము, ఇంటి కాటుకలో క్రిములు ఉండవచ్చును.

తెల్లదనముపై మోజు

చర్మపు రంగు మెలనిన్ అను పదార్థమునుబట్టి ఏర్పడును. అది ఎండ తాపమునుండి కాపాడు సహజమైన గొడుగు. ఈ పుస్తకములో చెప్పిన ఏ వస్తువు కూడ పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు. మార్చవలసిన అవసరమును లేదు. నల్లని చర్మము రోగము కాదు. ఆడపిల్ల రంగును గూర్చి ఇంటిలోనివారు నిత్యము అను మాటలే ఆమెను ప్రమాదకరమైన లేపనములవైపు నెట్టుచున్నవి.

అట్టి లేపనములలో రెండు విషములు ముఖ్యముగా తెలిసికొనదగినవి. మొదటిది పాదరసము. ఇది చర్మము ద్వారా శరీరములో చేరి మూత్రపిండములను, నరములను చెరచును. పూసికొనినవారికేగాక ఇంటిలోని పిల్లలకును సోకును. పాదరసము విషయమై 2013లో కుదిరిన మినమాటా ఒడంబడికలోని దేశములు, పాదరసము కలిపిన సౌందర్యసాధనముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2025 నాటికి నిలిపివేయవలెనని 2023లో నిర్ణయించినవి. అయినను తయారీదారుని పేరు లేని డబ్బాలు దొంగచాటుగా అమ్ముడగుచునే ఉన్నవి. పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య లేని డబ్బాను కొనరాదు.

రెండవది స్టిరాయిడ్. ఇది వైద్యుడు కొలది దినములకు వ్రాసి ఇచ్చు మందు. దీనిని ముఖమునకు నెలలతరబడి పూసినచో చర్మము పలుచబడి, ఎర్రని నరములు తేలి, మొటిమలు, రోమములు పెరుగును. మానిన వెంటనే మంట రేగును. తామరకు పూసినచో దురద అప్పటికి తగ్గి, తామర మాత్రము ఒడలెల్ల ప్రాకును. వైద్యుని చీటీ లేనిదే ఇట్టి లేపనములను అమ్మరాదని భారత ప్రభుత్వము 2018లో నియమము చేసినది. ఇరుగుపొరుగువారి సలహాపై దుకాణమున వీనిని అడుగరాదు.

1940 నాటి ఔషధముల చట్టము 1962లో సవరింపబడి సౌందర్యసాధనములకు కూడ వర్తించెను. కావున ఇంటిలో తమకొరకు చేసికొనుటకు ఎవరి అనుమతియు అవసరము లేకున్నను, అమ్మకమునకు తయారుచేయువారు లైసెన్సు పొందవలెను.

పైపూత తీర్చలేని లోపములు

మోచేతులపై, తొడలపై చర్మము కప్పచర్మమువలె గరుకెక్కుట ఆహారలోపమునకు గుర్తు కావచ్చును. మెడచుట్టును, చేతులపైనను ఎండ సోకు భాగములు నల్లబడి పొట్టు రాలుట, విరేచనములు, మతిచాంచల్యము కలిసినచో అది పెల్లాగ్రా అను వ్యాధి. నయాసిన్ అను విటమిను లోపమువలన కలుగును. దక్కనులో జొన్నలే ముఖ్యాహారముగా తిను పేదలలో ఒకప్పుడు ఇది తరచుగా కనిపించెడిది. 1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ విషయమై ప్రసిద్ధమైన పరిశోధన చేసిరి. ఆ సంస్థయే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో ఉన్నది. జొన్న చెడ్డ ధాన్యమని దీని అర్థము కాదు. జొన్నరొట్టెతో పప్పు, వేరుసెనగ, పాలు, ఆకుకూర చేరవలెనని అర్థము. ఆ వ్యాధికి ఏ నలుగును, ఏ నూనెయు మందు కాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు పోవలెను

చర్మముపై పాలిపోయినగాని ఎర్రనిగాని మచ్చ ఏర్పడి, అక్కడ స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠువ్యాధి కావచ్చును. దురద, నొప్పి లేనందున జనులు దానిని ఉపేక్షించి, పసుపు పూసి, నలుగు పెట్టి, సంవత్సరములు గడుపుదురు. ఆ కాలములో నరములు చెడి చేతివ్రేళ్ళు వంకరపోవును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఈ వ్యాధికి మందులు ఉచితముగా ఇత్తురు. రకమునుబట్టి 6 లేక 12 నెలలలో చికిత్స ముగియును. ఆలస్యము చేయనివారికి అంగవైకల్యము రాదు.

వ్రేళ్ళ సందులలో, నడుముచుట్టు రాత్రివేళ హెచ్చు దురద గజ్జికి గుర్తు. ఇంటిలో ఒకరికి వచ్చినను అందరును ఒకే దినమున మందు పూసికొనవలెను. బట్టలను, పక్కలను వేడినీటిలో ఉతుకవలెను. గుండ్రముగా అంచు లేచి వ్యాపించు తామర, మూడు వారములైనను మానని పుండు, ఆకారము మారుచున్న పుట్టుమచ్చ, జ్వరముతో కూడిన పొక్కులు, చీము, వాపు—వీనిలో ఏది కనిపించినను ఇంటి ప్రయోగములతో కాలయాపన చేయరాదు.

నలుగుపిండి, నూనె, తేనెమైనపు లేపనము ఆరోగ్యముగానున్న చర్మమును ఆరోగ్యముగా ఉంచుటకు చాలును. వీని ఖర్చు స్వల్పము, తయారీ సులభము. ఈ మూడింటిని ఇంటనే చేసికొని, మిగిలిన డబ్బును పప్పునకు, పాలకు, ఆకుకూరలకు వెచ్చించు కుటుంబమునకు చర్మముతోపాటు శరీరమంతయు బాగుండును. అనుమానము కలిగినపుడు సమీపమున ఉన్న ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి చూపించుకొనవలెను.